ఖాళీ సీసాలో మనిషి ప్రోటీన్

ఆ రోజుల్లో అనుమానం కూడా ఒక అర్హతేనని నేను గట్టిగా నమ్మేదాన్ని. సైన్సు చదివినవాళ్లు దేన్నీ ఊరికే ఒప్పుకోకూడదని మా సారొకాయన చెబితే, ఆ మాటను ప్రయోగాల వరకే ఉంచుకోక, పాలు పోసే ఆయన దగ్గర్నుంచి హాస్టల్లో నా పక్క మంచం పిల్ల దాకా అందరికీ వర్తింపజేశాను. (ఆ పిల్ల నా షాంపూ వాడుతోందని నెలరోజులు సీసా మీద పెన్నుతో గీతలు పెట్టాను. వాడింది నేనే అని తేలింది.) అలాంటి దశలో, కడపలో ఒక ల్యాబులో పరిశోధనకు చేరాను.

మా మేడమ్ పని మియోసిస్ మీద. అంటే అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు కణం తన క్రోమోజోముల్ని సగానికి తగ్గించుకునే పద్ధతి. అప్పుడు తెగిన డి.ఎన్.ఎ. పోగుల్ని సరైన జతతో కలిపే ప్రోటీన్ ఒకటుంది. మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత తయారుచేయించిన ఆ ప్రోటీన్ కోసం మేడమ్ నెలల తరబడి ఎదురుచూశారు. తీరా అది వచ్చిన రోజు ఆవిడ మీటింగులో ఉన్నారు. తెచ్చే బాధ్యత నా మీద పడింది. కొరియర్ ఆఫీసులో కూర్చున్నాయన పెట్టె మీది ‘హ్యూమన్’ అన్న మాట మీద వేలు పెట్టి, “మనిషిదంటే ఏందిమ్మా ఇది, కిడ్నీనా?” అన్నాడు. ప్రోటీన్ అన్నాను. “జిమ్ముకు పోయే పిల్లోళ్లు తాగే పొడికి ఇంత ఐసు యాల?” అంటూ నా ఐడీ కార్డు ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. నన్నే అనుమానించే మనిషి ఎదురైనందుకు ఒళ్లు మండింది.

పెట్టె తెచ్చి చిచ్చాకు ఇచ్చి, భోజనానికి పోయాను. చిచ్చా, అంటే ఉర్దూలో చిన్నాన్న, అని అందరం పిలిచే ఆయన మా ల్యాబు అటెండరు. ఫ్రిజ్‌ల తాళాలన్నీ ఏళ్ల తరబడి ఆయన దగ్గరే ఉండేవి. తిరిగొచ్చేసరికి పెట్టె మీది టేపు ఊడదీసి మళ్లీ అంటించి ఉంది. లోపలి సీసా తీసి ట్యూబులైటు కింద పట్టుకున్నాను. ఏమీ లేదు. మూత తీసి, తెల్లకాగితం మీద బోర్లించి తట్టాను. ఒక్క రవ్వ రాలలేదు. అప్పుడే చిచ్చా అటుగా వెళుతుంటే, ఆయన చొక్కా జేబులో అంతే సైజు గాజు సీసా కనిపించింది.

“చిచ్చా, పెట్టె ఎవరు విప్పినారు?”

“నేనే పాపా. ఐసు కరిగిండాదేమోనని చూసినా. ఏమి, అట్ల చూస్తాండావు?”

“జేబులో ఏముందో చూపించు.”

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, జేబులోవన్నీ బల్ల మీద పెట్టాడు. వక్కపొడి పొట్లం, కళ్లద్దాల గుడ్డ, ఆ సీసా. అందులో తెల్లటి చిన్న మాత్రలు. “మోకాళ్ల నొప్పికి హోమియో మందు,” అన్నాడు. అడక్కుండానే రెండో జేబు కూడా తిప్పి చూపించాడు. నేను మాత్రం సీసా వాసన చూసి గానీ వదల్లేదు. (ఆ ప్రోటీన్‌కు వాసన ఉంటుందని నాకెవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు.)

అంతలో మేడమ్ వచ్చారు. సీసా ఖాళీగా వచ్చిందన్నాను. “నువ్వు మూత తీశావా? బోర్లించావా?” అని అడిగేటప్పటికి ఆవిడ గొంతు మారిపోయింది. అది ఆరబెట్టి పంపిన ప్రోటీన్ అని, కంటికి కనపడనంత పలుచగా అడుగున అంటుకుని ఉంటుందని, తెరవకముందే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిరగిరా తిప్పి అడుక్కి దించాలని అప్పుడు తెలిసింది. ఆ సంగతి పెట్టెలోని కాగితంలో ఉంది. టేపును అంత శ్రద్ధగా పరీక్షించిన నేను కాగితం చదవలేదు. మేడమ్ సీసాలో కొలిచి ద్రవం పోసి, కాసేపాగి, అందులోంచి ఒక్క బొట్టు తీసి, ప్రోటీన్ తగిలితే రంగు మారే గోధుమరంగు ద్రావణంలో వేశారు. ముగ్గురం దాని మీదికి వంగి చూశాం. మెల్లగా నీలం తేలింది.

“నీ ఉద్యోగం మిగిలింది,” అన్నారు మేడమ్. చిచ్చా తన వస్తువులన్నీ జేబులో సర్దుకుని ఫ్రిజ్ తాళం తీశాడు.

సాయంత్రం ఆయన సైకిల్ స్టాండు దగ్గరుంటే వెళ్లి, “తప్పయింది చిచ్చా,” అన్నాను. ఆయన తాళం తీస్తూనే, “పోనీలే పాపా. నువ్వు మొగం మీదనే అడిగినావు. శానామంది అడగకుండానే అనుకుంటారు,” అన్నాడు. అని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నేను కర్నూల్లో పాఠాలు చెబుతున్నాను. దేన్నీ ఊరికే ఒప్పుకోవద్దని నేనూ పిల్లలకు చెబుతూనే ఉంటాను. హోమియో సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడ్డ అప్పటి నేను గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. అడక్కుండా తిప్పి చూపిన ఆ రెండో జేబు గుర్తొచ్చేదాకా నవ్వుతాను.