పురిటి గుమ్మానికి కట్టిన బ్రహ్మదండి

మా చిన్నప్పుడు... పురిటి గది గుమ్మానికి బ్రహ్మదండి మొక్క కట్టేవారు. వేరుతో సహా తవ్వి తెచ్చి, వేపమండల పక్కన తలకిందులుగా వేలాడదీసేవారు. ఆ ముళ్ళు చూస్తే దిష్టీ, గాలీ ధూళీ గుమ్మం దాటవని నమ్మకం.

మాది చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు బారులు తీరే రోజులు... నాన్న చెరుకు కోతలో ఉన్నాడు. ఇంట్లో అమ్మకి రెండో కాన్పు నొప్పులు మొదలయ్యాయి. నాకు తొమ్మిదేళ్ళు.

మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, నా చేతిలో బొరిగె పెట్టింది. "ఒసే గుంటా, గుట్ట మీదకెల్లి బ్రహ్మదండి తే. ఏరు తెగకుండా తవ్వు. గట్టు మీద పచ్చపూలది కాదు, సూసుకో."

ఆ రెంటికీ తేడా నేర్పింది మామ్మే. బ్రహ్మదండి పువ్వు గుండ్రంగా, ముళ్ళ బంతిలా ఉంటుంది. ఆకు అడుగున తెల్లటి నూగు. మిగతా రోజుల్లో ఆ బంతులు ఒకరి మీద ఒకరం విసురుకుని తన్నులు తినేవాళ్ళం. కాలవ గట్టు మీది పచ్చపూలది బలురక్కసి. దానికీ ముళ్ళే గానీ తుంచితే పసుపు పాలు కారతాయి. మామ్మ ఆ పాలు తామరకి రాసేది... మేము గోళ్ళకి రంగేసుకునేవాళ్ళం. దాని గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. అవి తింటే ఒళ్ళు వాచిపోతుందని మామ్మ మమ్మల్ని వాటి జోలికి పోనిచ్చేది కాదు.

గుట్ట ఎక్కాను. బ్రహ్మదండి దొరికింది గానీ నేల రాయిలా ఉంది. ఎంత తవ్వినా వేరు కిందికే పోతోంది. అరచేతిలో ముల్లు దిగి విరిగింది. నడినెత్తిన ఎండ... చుట్టూ ఎవరూ లేరు. కాసేపు ఏడ్చి, బొరిగె తీసుకుని దిగిపోయాను.

కాలవ గట్టు మీద బలురక్కసి ఒకటి కనబడింది. దానికి పూలన్నీ రాలిపోయాయి. కావాలనే దాన్ని ఎంచుకున్నాను. ఒక్క గుంజుకి వేరుతో సహా వచ్చేసింది.

మామ్మ దాన్ని అందుకుని ఒక్క మాటా అనకుండా గుమ్మానికి కట్టింది. లోపల మంచం మీంచి అమ్మ తలతిప్పి చూసి, "తెచ్చేవా తల్లీ" అంది. నేను తలూపాను.

ఆ సాయంత్రం చెల్లి పుట్టింది. పుట్టిన పిల్ల ఏడవలేదు. మంత్రసాని వీపు మీద ఎంత తట్టినా చిన్న మూలుగే... నాన్న జీపు మాట్లాడి అమ్మనీ, పిల్లనీ అనకాపల్లి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

వాళ్ళు తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. గుమ్మానికి ఆ మొక్క వాడిపోయి వేలాడుతూనే ఉంది. చెల్లి పోతే నేనే చంపినట్టని నిజంగా అనుకున్నాను. మర్నాడే మళ్ళీ గుట్టెక్కి మధ్యాహ్నం దాకా తవ్వాను. ఆ వేరు కాస్తా సగంలో తెగిపోయింది. దాన్ని గడ్డిమేటు కింద దాచేశాను.

చెల్లి బతికింది. ఇప్పుడు చోడవరంలో బట్టల కొట్టు నడుపుతోంది, దాని గొంతు వీధి చివరికి వినబడుతుంది. కానీ దానికి జ్వరం వచ్చినా, పరీక్ష పోయినా... నాకు ఆ గుమ్మమే గుర్తొచ్చేది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్తాను?

చాలా ఏళ్ళకి నేను కడుపుతో పుట్టింటికి వచ్చాను. పురుడు విశాఖపట్నంలో అని ఖాయమైపోయినా మామ్మ ఊరుకోలేదు. "గుట్ట మీద బ్రహ్మదండి ఉందో నేదో మీ నాన్నని సూసి రమ్మను," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. "మామ్మా, చెల్లి పుట్టినప్పుడు నేను తెచ్చింది బ్రహ్మదండి కాదు," అన్నాను.

"నాకు తెల్దేటి? కడతంటే నా సేతులు పచ్చగా అయిపోనేదా."

"మరి ఎందుకు కట్టేవు?"

"మీ అమ్మ గుమ్మం కేసే సూస్తంది. ఇది కాదంటే నొప్పులు పడతన్న మనిసి గుండె జారిపోదా... అందుకని కట్టేసేను."

నాకు కోపం కూడా వచ్చింది. "అది సరే. తరవాతైనా నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

మామ్మ నా కేసి అయోమయంగా చూసింది. "పూలు నేని మొక్క కదా, గుంట పొరపాటు పడిందనుకున్నాను. సెప్తే, సెల్లికి అలాగవడం నీ వల్లేనని బెంగెట్టుకుంటావని... నోరు మూసుకున్నాను."

కావాలనే తెచ్చానని అప్పుడు చెప్పాను. మామ్మ తిట్టలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, "ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే మోసేవా తల్లీ," అంది. నా పిల్ల పుట్టిన మరుసటి ఏడాది మామ్మ పోయింది.

ఇప్పుడు గుట్ట కింద ప్లాట్ల రాళ్ళు పాతేశారు. గట్ల మీద గడ్డి మందు కొట్టేస్తున్నారు, బలురక్కసి కూడా వెతికితే గానీ కనబడదు. పురుళ్ళన్నీ ఆసుపత్రుల్లోనే... అదే మంచిదని నాకూ తెలుసు. అయినా నా పురిటప్పుడు ఆపరేషన్ గది అద్దాల తలుపు కేసి చూస్తే, దానికి ఎవరూ ఏమీ కట్టలేదే అనిపించింది.

మీ ఇళ్ళలో పురిటి గుమ్మానికి ఏం కట్టేవారో రాయండి. చిన్నప్పటి తప్పు ఏదైనా ఇప్పటికీ దాచుకుని ఉంటే మాత్రం ఇక్కడ వద్దు... ఇంట్లో మీ మామ్మ ఇంకా ఉంటే, వెళ్ళి ఆవిడకి చెప్పండి.