వేలికి తగలని నలుపు

మేడ్చల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో సత్తయ్య పాత కార్ల చక్రాలకు మళ్లీ ప్రాణం పోస్తాడు. చక్రానికి బిగించే క్రోమ్ వీల్‌క్యాపుల మీది తుప్పు వదలగొట్టి, సొట్టలు తీసి, అద్దంలా మెరిపిస్తాడు. క్యాపు చేతిలో పడితే చాలు, అంచు మీద బొటనవేలు తిప్పి అది అంబాసిడర్‌దా, ఫియట్‌దా, సన్నగీతలదా, వెడల్పు గీతలదా చెప్పేస్తాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. పాపం, వాళ్లకేం తెలుసు! కొన్నాళ్లుగా ఆయన కళ్లకు మసక కమ్మింది. చూపు లేదని తెలిస్తే పనెవరిస్తారని భయం. ఆ సంగతి భార్య దుర్గాబాయికి తప్ప మూడో కంటికి తెలియదు. రంగులూ మరకలూ ఆమే చూసి చెబుతుంది.

తూంకుంటలో కొత్తగా ఇల్లు కట్టుకున్న జానకిరామయ్యగారు తన పాత ఫియట్ వీల్‌క్యాపు ఒకటి ఇచ్చి వెళ్లారు. ఇది బాగా వస్తే మిగతా మూడూ ఇస్తానన్నారు. ఆ రోజు దుర్గాబాయి రావల్కోల్‌లో చుట్టాలింటికి వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఆగితే ఏం పోయేది? ఆగలేదు మన మొండిఘటం. వేళ్లను నమ్మి పాలిష్ మెషీన్ తిప్పాడు. గీతలన్నీ వేళ్లకు తగిలాయి. వాటి మధ్య చుట్టూ వేసిన నల్లరంగు మాత్రం తగల్లేదు. రంగు ఎక్కడైనా వేలికి తగులుతుందా! సాయంత్రం వచ్చిన దుర్గాబాయి, క్యాపు మొత్తం తెల్లగా తళతళలాడడం చూసి నెత్తి పట్టుకుంది.

మర్నాడు జానకిరామయ్యగారు క్యాపు తిప్పి చూసి నీరుగారిపోయారు. "అదేమిటండీ, నల్లచుట్టు ఏదీ? ఈ మోడల్‌కు అందమంతా అదే కదా!"

దుర్గాబాయి ముందుకొచ్చింది. "తప్పు నాదే సారూ. మురికనుకొని నేనే రుద్దిన."

సత్తయ్య ఆమెను పక్కకు జరిపాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమెను ఎవరి ముందూ తల దించుకోనివ్వలేదు.

"గామె ఊర్లనే లేకుండె సారూ. నేనే జేసిన. నాకు కండ్లు కనిపిస్తలెవ్వు," అన్నాడు. అనేశాక, ఇక షెడ్డుకు తాళమే అనుకున్నాడు.

జానకిరామయ్యగారు క్యాపును సత్తయ్య చేతిలో పెట్టారు. "నలుపు మళ్లీ వేయించుకోవచ్చులెండి. మీ కళ్లు డాక్టరుకు చూపించారా?"

"భయమైతాంది సారూ. ఆపరేషనంటరు. గీ ఉన్నది గూడ పోతే?"

"రేపు పొద్దున్నే కారు తెస్తాను, ముగ్గురం కలిసి వెళ్దాం. క్యాపులు లేకపోయినా నా కారు నడుస్తుందిలెండి."

దుర్గాబాయి కొంగుతో కళ్లొత్తుకుంది. సత్తయ్య చేతిలోని క్యాపును తడుముతూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఏ గిరాకీనీ అడగని మాట అప్పుడు నోరు విప్పి అడిగాడు.

"సారూ, మీ కారు ఏం రంగు?"