సొందం కాదని రాసిన కాగితం

మా రాజపాళయంలో ఆ పెద్దమనిషిని నేను ‘మామా’ అని పిలిచినన్నిసార్లు దేవుణ్ణి కూడా తలుచుకుని ఉండను. పిలిచి బావుకున్నదేమీ లేదు. అరవైల మొదట్లో, పీయూసీ ప్యాసై పశువైద్యం చదువుదామని ఆయన ఇంటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినప్పుడు ఆ సంగతి నాకు బాగా తలకెక్కింది.

మద్రాసు కాలేజీకి పంపే దరఖాస్తుతో రెండు ఉత్తరాలు జతచెయ్యాలి. ఒకటి చదువు చెప్పిన మాస్టారిది. అది ఒక్క పూటలో వచ్చింది. రెండోది ఎవరైనా పరువున్న మనిషి ఇవ్వాలి. మన నడవడి ఎరిగినవాడై ఉండాలి, బంధువు కాకూడదు. ఆ ముందు ఏడే గొంతువాపు జబ్బుకు మా ఎద్దులు రెండూ పోయాయి. సేత్తూరు దాకా వెతికినా డాక్టరు దొరకలేదు. నేను డాక్టరునవుతానని అప్పుడే నిర్ణయించుకున్నాను. నాన్న మాత్రం తేల్చి చెప్పేశాడు. “ఈ తూరి సీటు రాకుంటే మిల్లులో వేలైకి పో. మల్లా నన్ను అడగొద్దు.” వేలై అంటే పని. తెల్లారి మిల్లు కూత వినపడితే నేను దుప్పటి చెవుల మీదికి లాక్కునేవాణ్ణి.

ఊళ్ళో పరువున్న మనిషంటే ఆయనే. తోటలు, మిల్లులో వాటా, మా ఊరి పేరు మోసే తెల్ల వేటకుక్కలు, అన్నీ ఉన్నాయి. అరవం మధ్య బతికే మా తెలుగువాళ్ళలో పెద్దవాళ్ళందరినీ ఏదో ఒక వరస కలిపి పిలవడం పుట్టుకతో వచ్చిన అలవాటు. నిజంగా చుట్టరికం ఉందా లేదా అని ఎవరూ తవ్వి చూడరు. నాన్న ఆయన్ని ‘బావా’ అనేవాడు. ఆయన నాన్నను ‘ఏమప్పా’ అనేవాడు. నన్ను ‘రేయ్’.

“గొడ్డూ మాటూ వైద్యానికి కాలేజీ ఏంటికిరా?” అన్నాడు మొదటి రోజు, ఊయలబల్ల మీద ఊగుతూ. “మీ నాయన ఎద్దులకు వాత పెట్టేది చూసినావు కదా, అది సాలదా?”

కూర్చోమనలేదు. కుక్కలకు పిడుదులు తియ్యమన్నాడు. తీశాను. మర్నాడు రమ్మన్నాడు. మర్నాడూ పిడుదులే. ఉత్తరం ఊసెత్తితే “సుమ్మా ఊరికే తొందరపెట్టొద్దురా” అనేవాడు. వారం రోజులు ఊరికే చాకిరీ చేయించుకోవడానికి సిగ్గు లేదుగానీ సంతకం పెట్టడానికి మాత్రం ఆయనకు తీరిక లేదు.

అలా తీస్తున్నప్పుడే ఒక కుక్కపిల్లకు వినపడదని కనిపెట్టాను. వెనకనుంచి ఇత్తడి పళ్ళెం మోగించినా అది చెవి కదపలేదు. ఆ తెల్ల జాతిలో పుట్టుచెవుడు కొత్తేమీ కాదు. ఎనిమిదో రోజు మంసాపురం నుంచి ఒక పత్తి వ్యాపారి, తెలుగాయనే, గోదాము కాపలాకు కుక్కపిల్ల కావాలని వచ్చాడు. పెద్దమనిషి ఏరి ఏరి ఆ చెవిటిదాన్నే ఆయన చేతిలో పెట్టాడు.

“ఆకు రాలినా లేస్తాది ఇది” అన్నాడు.

నా నోరు ఊరుకోలేదు. “మామా, దానికి చెవుడు. నేను చూసినాను” అన్నాను.

వ్యాపారి పళ్ళెం అడిగి తీసుకుని తనే మోగించి చూశాడు. కుక్కపిల్లను కింద దింపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. పెద్దమనిషి నవ్వాడు. “నీకు లెటరు కదా కావల్సినాది? రా అల్లుడా” అన్నాడు. నాకు బుద్ధి తెలిశాక ఆయన నన్ను అల్లుడా అనడం అదే మొదలు. ఇంగ్లీషులో నాలుగు వరసలు రాసిచ్చాడు. ఈ కుర్రవాడు నా మేనల్లుడు, నాకు దగ్గరి బంధువు, బుద్ధిమంతుడు అని ఉంది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది, అది చదివి పొంగిపోయాను. నాన్న రెండుసార్లు చదివించుకున్నాడు. “ఎంత పెద్దోళ్ళు! మనము సొందం అని చేత్తో రాసినారు సూడు” అని కళ్ళు తుడుచుకున్నాడు. బంధుత్వాన్ని మేము సొందం అంటాం. బంధువు కాకూడదన్న షరతు మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మామ అన్నది మాకు ఉత్త పిలుపు. దాన్ని కాగితం మీద పెడితే నిజమైపోతుందని మాకేం తెలుసు? ఆయనకు తెలుసు. ఆ షరతు ఆయనకు చదివి వినిపించింది నేనే.

పదిహేను రోజులకు మద్రాసు నుంచి జవాబొచ్చింది. బంధువు ఇచ్చిన ఉత్తరం చెల్లదు, పది రోజుల్లో వేరొకటి పంపకపోతే దరఖాస్తు రద్దవుతుంది అని.

పరుగెత్తాను. “మామా, మనము సొందం కాదని ఒక్క మాట రాసియ్యండి.”

“లేదని నా చేత్తో ఎట్ల రాసేది అల్లుడా? పావం కదా?” అన్నాడు. ఊయల ఆపనైనా ఆపలేదు. “కుక్క చెవి చూసినోడివి, కాగితం చూసుకోలేదా?”

అప్పుడర్థమైంది. ఆయన గొంతు పిసకాలనిపించింది. పిసకలేదుగానీ అనిపించింది, అబద్ధమెందుకు.

ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని మంసాపురం తొక్కాను. పత్తి వ్యాపారి గోదాము గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అలవాటు కొద్దీ “మామా” అన్నాను.

“నేను నీకు మామ కాదు. ఏంటికి వచ్చినావు?” అని కసిరాడు.

ఆ కసురు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. “అదే రాసియ్యండి” అని జరిగిందంతా చెప్పాను.

“నీ లెటరు పోతాదని తెలీదా? ఆ పొద్దు ఏంటికి చెప్పినావు?”

“దానికి చెవుడు కదా” అన్నాను.

ఆయన లోపలికెళ్ళి కాగితం, కలం తెచ్చాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నిలబడే రాశాడు. ఇతడు నాకు ఏమీ కాడు, తనకు చేటని తెలిసీ ఒక జంతువు గురించి నా ముందు నిజం చెప్పాడు, అని. ఆ రెండు వాక్యాలకే నాకు సీటొచ్చింది.

బయల్దేరే రోజు బస్టాండులో పెద్దమనిషి కారు ఆపించుకుని దిగాడు. “మా అల్లుడు డాక్టరుకు చదవబోతాడు. లెటరు నేనే ఇచ్చినాను” అన్నాడు, పదిమందీ వినేలా.

“మనము సొందం కాదు సార్. మీ కాగితం మద్రాసులో చెల్లలేదు” అన్నాను. ఆ ‘సార్’ నోటికి ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

ఆయన మొహం మాడిపోయింది. నాన్న మొహం అంతకంటే మాడింది. నా ట్రంకుపెట్టె కింద పెట్టేసి పోయి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. “పిల్లోడు తెలీక అన్నాడు బావా, మనసులో పెట్టుకోవద్దు” అన్నాడు.

“సరి, పో అప్పా” అని ఆయన చేతులు విడిపించుకుని కారెక్కాడు. బస్సు కదిలేదాకా నాన్న నా వైపు చూడలేదు.