చెయ్యి పట్టని డాక్టరు

పోయిన మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. ఆయాసంతో ఉన్న నా భార్యను ఇబ్రహీంపట్నం దవాఖానకు తీసుకుపోయాను. నర్సు మిషన్ల మీద పరీక్షలు చేయించి, మమ్మల్ని డాక్టరు గదిలోకి తీసుకుపోయింది. మా అలవాటు ప్రకారం, నాడి చూడమని నా భార్య చెయ్యి చాపింది. కుర్ర డాక్టరు కంప్యూటర్ మీంచి కళ్లు తీయకుండా ఆ చేతిలో మందుల చీటీ పెట్టాడు.

"జర చెయ్యి పట్టి చూడు బిడ్డా," అన్నాను.

"మిషన్ చూసింది తాతా. రిపోర్టులు మంచిగనే ఉన్నయ్. మాకు గిట్లనే నేర్పిండ్రు."

"మరి నాకు దమ్మెందుకొస్తున్నది?" అంది నా భార్య.

అతను మళ్లీ రిపోర్టే చూశాడు. చెడ్డ పిల్లగాడు కాదు. అన్నేళ్ల చదువులో రోగి ముఖం చూడమని ఒక్కరూ చెప్పలేదేమో.

చెయ్యి పట్టనోడి మందు మింగనని ఆమె మొండికేసింది. ఆయాసం అట్లనే ఉంది.

ఆ రోజు గదిలో ఉన్నది నా భార్య, నేను, నర్సమ్మ. డాక్టరు కూడా ఉన్నాడని రాయడానికి మనసు ఒప్పడం లేదు.