ఫద్మా పళ్ళెంలో గుంటలు

ఫద్మా ఇంట్లో శుక్రవారం వచ్చిందంటే వంటింటి కిటికీ కనపడనంత ఆవిరి. గోధుమరవ్వను మూడుసార్లు ఆవిరి పట్టి, వేళ్ళతో విడదీసి, కుస్‌కుస్ వండి, పైన మాంసం, గుమ్మడి, టర్నిప్ ముక్కలు పేర్చేది. వలసొచ్చి ఆంట్వెర్ప్ నగరంలో ముప్ఫై రెండేళ్ళు ఆఫీసుల మెట్లు తుడిచిన చేతులవి. అయినా ఆ రవ్వలో ఒక్క ఉండ కట్టేది కాదు. ఆవిడ వంటకు వంక పెట్టినవాడు ఆవిడ పుట్టిన రిఫ్ కొండల్లోనూ లేడు, ఇక్కడా లేడు.

భర్త పోయాక కొడుకు సుఫ్యాన్ చెయ్యి దాటాడు. చదువు మానేశాడు, వీధి మలుపులో గంజాయి పీల్చేవాడు. నూర్దీన్ అనే పెద్దమనిషి శుక్రవారాలు తన ఇంట్లో కుర్రాళ్ళను కూర్చోబెట్టి మంచీ చెడ్డా చెబుతాడని విని, ఆవిడే కొడుకు చెయ్యి పట్టుకెళ్ళి అప్పగించింది. నెల తిరక్కుండా వాడు పొగ మానేశాడు, అమ్మ చేతిలోంచి కూరల సంచీ అందుకున్నాడు. తల్లికి ఇంకేం కావాలి? ఆ సంతోషంతో వారం వారం పెద్ద మట్టిపళ్ళెం నిండా కుస్‌కుస్ నూర్దీన్ ఇంటికి పంపడం మొదలుపెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాం. ఈ నూర్దీన్ వాసాలనే ఊడబెరుక్కుపోయాడు.

ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నా ఎవరి ముందున్నది వాళ్ళే తినాలి. పక్కవాడి వైపు చెయ్యి చాపితే తల్లి పెంపకం సరిగా లేదంటారు. అందుకని తిన్నచోట గుంట, గుంటకూ గుంటకూ మధ్య సన్నటి గట్టు మిగులుతాయి. సాయంత్రం తిరిగొచ్చిన పళ్ళెం చూస్తే ఎంతమంది తిన్నారో ఫద్మాకు ఇట్టే తెలిసిపోయేది. ఎనిమిది గుంటలు. ఏడుగురు కుర్రాళ్ళు, ఎనిమిదోవాడు నూర్దీన్. టర్నిప్ ముక్కలన్నీ గట్టు మీదకి నెట్టేసిన గుంట సుఫ్యాన్‌ది.

ఫిబ్రవరిలో సుఫ్యాన్ ఇంటికి రాలేదు.

"ఈజిప్టులో చదువుకుంటున్నాడమ్మా. ఎవరికీ చెప్పకు, దిష్టి తగుల్తుంది. వాడి కబుర్లు తేవడానికి నేను లేనూ?" అన్నాడు నూర్దీన్.

ఆవిడ వీధిలో వాళ్ళకు మాత్రం జర్మనీలో ఉద్యోగమని చెప్పింది. పళ్ళెం ఆపితే కబుర్లు ఆగిపోతాయని పంపుతూనే ఉంది. మార్చికి గుంటలు ఆరయ్యాయి. ఏప్రిల్‌లో కొడుకు ఫోన్ చేశాడు, సిరియా నుంచి. యుద్ధంలో చేరానని, ఇక తిరిగి రానని అన్నాడు. ఆ శుక్రవారం కూడా వండింది, పిచ్చితల్లి. పళ్ళెం అయిదు గుంటలతో తిరిగొచ్చింది. తెచ్చిచ్చింది పక్కవాటా యమ్నా కొడుకు ఇల్యాస్. "పెద్దమ్మా, ఇవాళ అదిరింది" అని నవ్వి వెళ్ళాడు. ఆవిడ గుంటలు చూసింది, వాణ్ణి చూసింది, నోరు విప్పలేదు. బుధవారానికల్లా వాడూ వెళ్ళిపోయాడు. ఏడాది తిరిగేలోగా ఇద్దరు తల్లులకూ చావుకబుర్లే వచ్చాయి.

నూర్దీన్‌ను పట్టుకుని కేసు పెట్టారు. కుర్రాళ్ళు ఎప్పుడో ఒకసారి పలకరించి పోయేవారు తప్ప గుంపూ లేదు, సమావేశాలూ లేవని వాడి వాదన. వీధిలో ఎవరూ నోరు మెదపలేదు. సాక్ష్యం కోసం ఫద్మా వంటింట్లో కూర్చుని టీ తాగుతున్న ప్రాసిక్యూటర్ గ్రీట్‌తో, మాటల్లో మాటగా ఆవిడ గుంటల సంగతి అనేసింది. గ్రీట్ గ్లాసు కింద పెట్టింది.

"ఇది కోర్టులో చెబుతారా ఫద్మా గారూ? గుంపు ఉందనీ, నెలనెలా తరిగిపోయిందనీ చెప్పగలిగింది మీరొక్కరే."

"చెబుతానమ్మాయ్."

"అయితే ఒక్కటి. తరగడం చూసి కూడా ఎందుకు ఊరుకున్నారని వాడి లాయరు అడుగుతాడు. అడక్క మానడు."

ఇల్యాస్ సంగతి తెలిసీ ఊరుకున్నానని కోర్టులో చెబితే యమ్నా చెవిన పడుతుంది. కొడుకులు పోయాక ఒకరికొకరు మిగిలినవాళ్ళు వాళ్ళిద్దరే. రెండేళ్ళుగా ఒకే కెటిల్ లోని టీ తాగుతున్నారు. నోరు విప్పితే ఆ ఒక్క మనిషీ పోతుంది, విప్పకపోతే నూర్దీన్ బయటికొచ్చి ఇంకో పళ్ళెం ముందు కూర్చుంటాడు.

విచారణ రోజు యమ్నా రెండో వరసలో కూర్చుంది. "భయపడకు ఫద్మక్కా, నేనున్నాగా" అని ముందే భుజం తట్టింది కూడా. అయ్యో, ఆ తట్టడం దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

నూర్దీన్ లాయరు నవ్వుతూ లేచాడు. "ఎంగిలి పళ్ళెం చూసి మనుషుల్ని లెక్కపెట్టారా అమ్మా?"

"మీ ఇంట్లో పళ్ళెం కడిగేది మీరు కాదనుకుంటా బాబూ."

కోర్టులో నవ్వులు. లాయరు నవ్వలేదు. "సరే. గుంటలు తగ్గుతుంటే ఎందుకు పంపుతూ వచ్చారు? ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

ఫద్మా జడ్జిని చూడలేదు. రెండో వరస వైపు తిరిగింది.

"నా కొడుకు కబురు కోసం పంపాను. వాడెక్కడున్నాడో తెలిశాక సిగ్గేసింది. వీధి మొహం ఎలా చూడాలని సిగ్గు. ఆఖరి శుక్రవారం అయిదు గుంటలు. పళ్ళెం ఇల్యాస్ నా చేతికిచ్చాడు. అది దేనికి తగ్గుతోందో అప్పటికి నాకు తెలుసు. నాలుగు అడుగులు వేసి యమ్నా తలుపు కొడితే సరిపోయేది. కొట్టలేదు."

యమ్నా లేచి బయటికి వెళ్ళిపోయింది.

తర్వాత అయిదు వారాలు పక్కవాటా తలుపు ఆవిడ కోసం తెరుచుకోలేదు. ఫద్మా రోజూ తట్టింది. లోపల రేడియో గొంతు పెరిగేది.

తీర్పు రోజున గుంపు ఉందని తేల్చారు, పళ్ళెం సాక్ష్యం పేరు పెట్టి మరీ చదివారు. నూర్దీన్‌కు పన్నెండేళ్ళు. గ్రీట్ వచ్చి ఫద్మా చెయ్యి పట్టుకుంది. ఆవిడకు సంతోషం రాలేదు. మెట్లు దిగి ట్రాము ఆగేచోట నిలబడితే, యమ్నా అక్కడే ఉంది.

"యమ్నా," అంది ఫద్మా. "తిట్టవే. ఏదో ఒకటి అనవే."

"ఏమననూ? వాడికి పన్నెండేళ్ళని జడ్జి లెక్క తేల్చాడు. నీకెన్నేళ్ళో నాకింకా తేలలేదు అక్కా."

ట్రాము వచ్చింది. లోపల అన్నీ ఖాళీ సీట్లే. యమ్నా ఒకసారి అటూ ఇటూ చూసి, వచ్చి ఫద్మా పక్కన కూర్చుంది.