నడుము అనే మాట

మా ఆఫీసులో మొత్తం ఏడుగురం. అందులో ఏడుపు రాయడం చేతనైంది ఒక్కతే. ఆవిడని మేం సంతాపం అక్క అనేవాళ్లం. చాటుగా కాదు, ముఖం మీదే అనేవాళ్లం. ఆవిడ కోప్పడేది కాదు. పైగా కాస్త గర్వపడేదని నా అనుమానం.

అంతకుముందు ఆవిడ ఒక పేపరాఫీసులో చిన్న ప్రకటనల కౌంటర్లో కూర్చునేది. ఇంట్లో మనిషి పోయినవాళ్లు ఫొటో పట్టుకొచ్చి, ఏం రాయాలో తోచక నిలబడితే, ఈవిడే నాలుగు ముక్కలు అడిగి నాలుగు వాక్యాలు రాసిచ్చేది. "ఆయనకి ఏమంటే ఇష్టమండీ?" అని ముందు అడిగేదట. పద్దెనిమిదేళ్లు అలా రాసింది. ఆ పేపరు మూతపడింది. నలభై ఆరేళ్ల వయసులో చేతిలో ఉన్నది ఆ విద్య ఒక్కటే. శవాల మీద పేలాలు ఏరుకునే మాలాంటి కంపెనీలో తప్ప ఆ విద్యకి గిరాకీ ఇంకెక్కడుంది?

మా పనేమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. వ్యాపారం చేసే ప్రతివాడూ ఒక వెబ్‌సైట్ పెట్టుకుంటాడు. జనం ఫోన్లో ఏదైనా వెతికితే ముందు తన సైటే కనబడాలని కోరుకుంటాడు. అలా కనబడాలంటే రెండు కావాలి. సైట్లో చదవదగ్గ రాత ఉండాలి. నలుగురు నమ్మే వేరే సైట్ల నుంచి దానికి లింకులు ఉండాలి. పెద్దమనుషులు 'వీడు మావాడే' అంటే కొత్తవాడికి మర్యాద దొరికినట్టన్నమాట. మొదటిది ఒళ్లొంచి చేయాల్సిన పని. అందుకని మేం రెండోదే చేసేవాళ్లం.

మా యజమానిని ర్యాంకుగారు అనేవాళ్లం. పెళ్లాం పుట్టినరోజు మర్చిపోయే మనిషి, ఏ సైటు ఎన్నో స్థానంలో ఉందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆయన బుర్రలో పుట్టిన ఆలోచనే స్మృతి పేజీలు. ఒక పాత దినపత్రిక తన సైట్లో చనిపోయినవాళ్లకి తలా ఒక పేజీ ఇచ్చేది. ఇంటివాళ్లు ఫొటో పెట్టి రెండు మాటలు రాస్తారు. తెలిసినవాళ్లు కింద సంతాపం రాస్తారు. రాసేవాళ్లు తమ పేరుతో పాటు తమ సైటు చిరునామా కూడా ఇవ్వొచ్చు. ఇస్తే ఆ పేరు నీలం రంగులోకి మారుతుంది, నొక్కితే ఆ సైటుకి తీసుకెళ్తుంది. అంత పరువున్న పత్రిక నుంచి లింకంటే మాటలా! అప్పుడు మా చేతిలో ఒక పరుపుల కంపెనీ ఉంది. 'నడుము నొప్పికి మంచి పరుపు' అని ఎవరు వెతికినా తమదే ముందు రావాలని వాళ్ల కోరిక. కాబట్టి ప్రతి సంతాపంలోనూ నడుము అనే మాట ఉండి తీరాలని ర్యాంకుగారు శాసనం చేశాడు.

"సంతాపంలో నడుమేంటి సార్?" అన్నాను.

"ఎక్కడో చోట ఇరికించవయ్యా. మనిషన్నాక నడుముండదా?"

ఇరికించాం. 'మీ నాన్నగారు పోయారని తెలిసి మా నడుము విరిగినట్టయింది' అని నేను నలభై పేజీల్లో రాశాను. పత్రికవాళ్లు మర్నాటికల్లా పీకి పారేశారు. అక్క రాసినవి మాత్రం ఒక్కటీ చెక్కుచెదరలేదు. ఆవిడ ముందు ఫొటో చూసేది. ఇంటివాళ్లు రాసింది చదివేది. తర్వాత ఒక చిన్న జ్ఞాపకం కల్పించేది. ఒక ముసలాయనకి, 'నడుము వంగిపోయినా మా పాప చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేవారు' అని రాసింది. ఒక టీచరమ్మకి, 'నడుం మీద చెయ్యేసుకుని బోర్డు ముందు నిలబడితే మా క్లాసు మొత్తం గప్‌చుప్' అని రాసింది. అబద్ధమని తెలిసిన నేనే రెండోసారి చదివేవాణ్ణి. ఇంటివాళ్లు కింద కృతజ్ఞతలు రాసేవాళ్లు. అవి చదువుకుని ఆవిడ మురిసిపోయేది. సాయంత్రం ఇంటికెళ్తే చెవుడున్న అత్తగారు గుమ్మంలోనే అడిగేదట, "ఇవాళ ఎంతమంది పోయారే?" అని. "ముగ్గురు అత్తయ్యా!" అని ఈవిడ అరిచి చెప్పేది. ఈవిడ ఆస్పత్రిలో పనిచేస్తుందని ఇరుగుపొరుగు అనుకునేవాళ్లు.

ఒకరోజు లిఫ్టు మెకానిక్ పేజీ వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల మనిషి. తొమ్మిది అంతస్తుల భవనంలో లిఫ్టు బాగుచేస్తూ కిందికి పడిపోయి చనిపోయాడు. పేజీ పెట్టింది తల్లి, బట్టలు కుట్టుకుని బతికే టైలరమ్మ. ఆవిడ రాసింది ఒకే వాక్యం: 'మా అబ్బాయి పని తెలిసినవాడు.' కొడుకు పోతే ఏ తల్లయినా ఇలాగే రాస్తుందా అని మాలో ఒక్కరికీ అనిపించలేదు. మాకు కావాల్సింది కింద ఖాళీ.

అక్క కాసేపు ఫొటో చూసి రాసింది: 'మా అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోయినప్పుడల్లా ఈ అబ్బాయే వచ్చేవాడు. నడుముకి బెల్టు బిగించుకుని, రెండుసార్లు లాగి చూసుకుంటే గానీ లోపలికి దిగేవాడు కాదు. అంత జాగ్రత్తపరుడికి ఇలా జరగడమేంటి దేవుడా.'

"రెండుసార్లు లాగి చూసుకోవడం! నీకు పనొచ్చక్కా" అన్నాను. చప్పట్లు కూడా కొట్టాను.

మూడో రోజు దాని కింద తల్లి జవాబు వచ్చింది: 'అమ్మా, నువ్వెవరో నాకు తెలీదు. వాడు బెల్టు పెట్టుకోకుండా దిగాడని, తప్పు వాడిదేనని లిఫ్టు కంపెనీవాళ్లు అంటున్నారు. వాడితో పనిచేసిన ఒక్క మెకానిక్ తప్ప ఎవరూ మా వైపు మాట్లాడట్లేదు. పదిహేనో తారీఖున విచారణ. వాడి పేరు పక్కన నిర్లక్ష్యం అని రాయకూడదు, నాకింకేం వద్దు. నువ్వు చూసింది చూసినట్టు వచ్చి చెప్తావా తల్లీ?'

అక్క ముఖంలో నెత్తురుచుక్క లేదు. లేచి నేరుగా ర్యాంకుగారి గదిలోకి వెళ్లింది, వెనకాలే నేనూ వెళ్లాను.

"నిజం చెప్పేస్తాను సార్ ఆవిడకి."

"ఏమని? పరుపులమ్ముకోడానికి మీ అబ్బాయి చావు వాడుకున్నాం అనా? ఆ తల్లి తట్టుకుంటుందా?" అన్నాడాయన, ఎంతో దయగలవాడిలా. "చూడమ్మా, ఆవిడ రోజూ ఆ పేజీ తెరుస్తోంది. చుట్టాలకి పంపుతోంది. పేజీ బతికింది. నువ్వు ఏదో ఒకటి జవాబిస్తూ ఉండు, చాలు."

మనిషి చచ్చాడు, పేజీ బతికింది. ఆ మాటకి నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

టైలరమ్మ రోజూ ఏదో ఒకటి అడిగేది. వాడు నీతో ఎప్పుడైనా మాట్లాడాడా? ఏమైనా తిన్నాడా? అక్క జవాబిచ్చేది. మంచినీళ్లు అడిగి తాగాడని రాసింది. గ్లాసు తనే కడిగి పెట్టాడని రాసింది. గ్లాసు సంగతికి తల్లి, 'వాడే, వాడే' అని జవాబు రాసింది. ఒక అబద్ధానికి తోడు ఇంకోటి, దానికి తోడు మరోటి. ఎనిమిది రోజులకల్లా అక్క ఆ కుర్రాణ్ణి నిజంగా చూశాననుకునే దాకా వచ్చింది.

"వెళ్లి చెప్పేస్తాను తమ్ముడూ. ఒక్క అబద్ధమేగా. దానివల్ల ఒకళ్లకి మంచే జరుగుతుందిగా" అంది పద్నాలుగో తారీఖున.

ఆపాల్సింది నేనే. లాయరన్నవాడు ఒక్క ప్రశ్నతో పట్టేస్తాడని నాకు తెలియక కాదు. కానీ ఎలా ఉంటుందో చూడాలన్న సరదా నాకు. "వెళ్లక్కా, నేనూ వస్తాను" అన్నాను.

విచారణ కార్మిక శాఖ ఆఫీసు రెండో అంతస్తులో, చెక్క బీరువాలతో సగం నిండిపోయిన గదిలో. వరండాలో టైలరమ్మ అక్క రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. పొట్టి మనిషి, వేళ్ల చివర్లు సూదిపోట్లతో గరుకెక్కి ఉన్నాయి. "నువ్వు దేవతవి తల్లీ" అంది. అక్క తల దించుకుంది.

ముందు ఆ తోటి మెకానిక్‌ని పిలిచారు. నత్తి ఉంది గానీ చెప్పాల్సింది సూటిగా చెప్పాడు. బెల్టు పెట్టుకున్నాడు, నేను చూశాను. బెల్టు కొక్కెం పాతది, విరిగిపోయింది. మార్చమని సూపర్‌వైజరుకి రెండుసార్లు చెప్పాం. విచారణ అధికారి తల ఊపుతూ ప్రతి ముక్కా రాసుకున్నాడు. లిఫ్టు కంపెనీ లాయరు మెడ రుద్దుకుంటూ కూర్చున్నాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే సరిపోయేది. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

కానీ టైలరమ్మ ఆగలేక లేచింది. "ఇంకో సాక్షి కూడా ఉందండీ! ఈవిడెవరో కూడా మాకు తెలీదు, అడగ్గానే వచ్చింది."

అక్క లేచి చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. లాయరు అంతా విని, తీరిగ్గా అడిగాడు.

"మీ అపార్ట్‌మెంటులో మీది ఎన్నో అంతస్తమ్మా?"

"మూడు."

"మీ ఇంటి చిరునామా నా దగ్గరుంది. మీది అపార్ట్‌మెంటే కాదు, లిఫ్టూ లేదు. పోనీలెండి. ఇవి కూడా మీరే రాశారా?" అంటూ కాగితాల కట్ట తీశాడు. తల్లి పిలుపు ఆయన ఆ పేజీలో ముందే చదివి, నీలం రంగు పేరు నొక్కి చూశాడు. అదే పేరుతో ఇంకెక్కడెక్కడ ఏముందో, ఆ మనిషి ఎక్కడుంటుందో వెతికాడు. మాకు తెలిసిన విద్యే, మామీదే ప్రయోగించాడు.

ఒక్కోటీ పైకి చదివాడు. ముసలాయన నడుము. టీచరమ్మ నడుము. ఇరవై ఏడు చావులు, ఇరవై ఏడు నడుములు, అన్నిటికీ ఒకే పరుపు. మూడోదానికి టైపు చేసే అమ్మాయి నవ్వింది. ఆరోదానికి గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు నవ్వారు. టీచరమ్మది చదివినప్పుడు అధికారి కూడా పెదవి బిగబట్టాడు. ఎక్కడ నన్ను చూస్తారోనని నేను బీరువా వెనక్కి జరిగాను.

టైలరమ్మ ఒక్కతే అందరి మొహాలూ చూస్తోంది. "పరుపులేంటండీ? మా అబ్బాయి లిఫ్టు మెకానిక్కండీ" అంది.

"అద్దె సాక్షి సార్" అన్నాడు లాయరు. "ఈవిణ్ణి తెచ్చినవాళ్లే ఆ మెకానిక్‌నీ తెచ్చారు. అతని మాట మాత్రం ఎలా నమ్ముతారు?"

"నేను నిజం చె... చెప్తున్నాను సార్" అన్నాడు మెకానిక్. నత్తి ఎక్కువైంది. దానికీ ఎవరో నవ్వారు.

అధికారి అంతకుముందు రాసుకున్న కాగితం మీద అడ్డంగా గీత పెట్టాడు. వారం తిరగకుండా నివేదిక వచ్చింది: మరణానికి కారణం మృతుడి నిర్లక్ష్యం.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. మా పాపం అంత తేలిగ్గా వదిలే రకం కాదు. ఆ విచారణ మీద ఓ పత్రిక నవ్వులాటగా ఒక వార్త రాసింది, 'చావుకీ పరుపుకీ లంకె' అని. అందులో పరుపుల కంపెనీ సైటుకి లింకు ఇచ్చింది. దాన్ని చూసి ఇంకో పది సైట్లు రాశాయి, అవీ లింకులిచ్చాయి. ఏడాదిగా మేం దొంగచాటుగా పోగేసిన లింకులన్నీ వీటి కాలిగోటికి సరిపోవు. పన్నెండో రోజుకి పరుపు మొదటి పేజీలో మొదటి స్థానంలో కూర్చుంది. ర్యాంకుగారు కేకు కోశాడు. లిఫ్టు మెకానిక్ పేరు కొట్టి వెతికినా ముందు ఆ పరుపే వచ్చేది. ఈ సంగతి కనిపెట్టింది నేనే, కేకు తింటూ.

మర్నాడు పొద్దున ర్యాంకుగారు నన్ను పిలిచాడు.

"ఆ పాత సంతాపాలన్నీ తీసెయ్. దొంగ లింకులని సెర్చి వాళ్ల కంట్లో పడితే మన సైటుని అట్టడుక్కి తోసేస్తారు."

ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే. మేం సంతాపాలు రాసిన ఖాతాల పాస్‌వర్డులు నా దగ్గరే ఉన్నాయి. గొడవ తర్వాత పత్రికవాళ్లు ఆ పేజీల్లో కొత్తగా రాసే వీలు మూసేశారు. పాతవి తీసెయ్యడం కుదురుతుంది గానీ మళ్లీ పెట్టడం కుదరదు. రెండు వందల పైచిలుకు ఒక్క పూటలో తీసేశాను; ఒక సంతాపం తీస్తే దాని కింది జవాబులన్నీ దానితోపాటే పోతాయి. లిఫ్టు మెకానిక్ పేజీలోది తీసేటప్పుడు చెయ్యి ఆగిందని రాయాలని ఉంది. ఆగలేదు.

అదే రోజు మధ్యాహ్నం అక్క వచ్చింది. విచారణ నాటి నుంచి సెలవులో ఉంది. రాజీనామా ఇచ్చి, సొరుగులోని సామాను తీసుకుపోదామని వచ్చింది. ఆవిడ సంచి సర్దుకుంటూ ఉండగా మెట్ల మీద ఆయాసం వినబడింది. పేపర్లో పడ్డ మా ఆఫీసు పేరు పట్టుకుని, లిఫ్టు ఉన్నా ఎక్కకుండా నాలుగంతస్తులూ నడిచొచ్చిన టైలరమ్మ గుమ్మంలో నిలబడింది.

అక్క చేతిలో సంచి జారిపోయింది. మేమంతా కీబోర్డుల్లోకి తలలు దూర్చేశాం. తిడుతుంది, శాపనార్థాలు పెడుతుంది, పెట్టనీ అనుకున్నాను. అది జరిగిపోతే నాకూ కాస్త తేలికవుతుందని ఆశ.

"తిట్టడానికి రాలేదు తల్లీ" అందావిడ. "నువ్వు రాసింది అబద్ధమని నాకర్థమైంది. కానీ వాడు నిజంగానే అలా రెండుసార్లు లాగి చూసుకునేవాడు. చిన్నప్పట్నుంచీ అంతే, గడియ పెట్టినా, బూటు తాడు కట్టినా. నీకెలా తెలిసిందో ఏమో. వాడి గురించి మంచి మాట ఇప్పుడు ఎక్కడైనా ఉందంటే అక్కడొక్కచోటే. రోజూ మిషన్ ముందు కూర్చోబోతూ చదువుకుంటాను. దాన్ని మాత్రం తియ్యొద్దమ్మా."

"తియ్యను" అంది అక్క. ఏడుస్తోంది. రాత కాదు, నిజమైన ఏడుపు. "నా ప్రాణం పోయినా తియ్యను."

"ఇవాళ పొద్దున ఫోన్లో కనబళ్లేదు. మా ఫోను పాతది" అంటూ ఆవిడ కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది. "ఒక్కసారి ఇక్కడ చూపిస్తావా?"

"తమ్ముడూ, తెరువు" అంది అక్క.

తెరిచాను. ఫొటో వచ్చింది. దాని కింద తల్లి రాసిన ఒక్క వాక్యం వచ్చింది. ఆ కింద అంతా తెలుపు. టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగింది. అక్క నా వైపు చూసింది, నా ముఖంలో ఏం కనబడిందో గానీ గోడ పట్టుకుంది.

"ఇంకా రాలేదేం బాబూ?"

"నెట్ స్లోగా ఉందమ్మా" అన్నాను.

"పర్లేదు, వచ్చేదాకా ఉంటాను" అని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.