అడగని అనుమతి

మా అక్కకు పెరట్లో వేరే పోర్షన్ కట్టడానికి కార్పొరేషన్ వాళ్ళు అనుమతి ఇవ్వలేదని బంధువులందరికీ చెప్పాను. అది అబద్ధం. వాళ్ళు కాదనలేదు. నేను అడగలేదు.

బావ పోయాక, పామర్రులో ఒక్కతివే ఎందుకు, విజయవాడ వచ్చేయమన్నది నేనే. అక్క ఒకే మాట అంది.

"వస్తాను గానీ, నా పొయ్యి నాకుండాలిరా. తమ్ముడి పొయ్యి దగ్గర అక్క ఎన్నాళ్ళు నిలబడుద్ది? మరదలు మంచిదే. ఆ మంచితనం అట్టాగే ఉండనీ."

వంటగది వేరుగా ఉంటే రెండో ఇంటి కింద లెక్క. దానికి చుట్టూ ఖాళీ వదలాలి. ఆ ఖాళీ కావాలంటే కారు షెడ్డు తీసేయాలి. కొత్త కారు, మనసొప్పలేదు. ప్లాను గీసే ఇంజనీరు దారి చూపించాడు: "స్టోర్ రూమ్ అని పెడదాం సార్. తర్వాత లోపల ఏం చేసుకున్నా ఎవడు చూడొచ్చాడు?"

అలాగే కట్టించాను. కార్పొరేషన్ నుంచి చూడ్డానికి వచ్చారు. అప్పటికే అక్క పాలు పొంగించి ఆ గదిలో చేరింది. గుమ్మంలో కూర్చుని దొండకాయలు తరుగుతోంది. వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"ఇందులో ఎవరన్నా ఉంటున్నారాండీ?" అని అడిగాడు అధికారి.

"లేదండీ, సామాన్ల గది. ఈవిడ చుట్టపుచూపుగా వచ్చారు."

ఈవిడ! నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి.

అక్క కత్తిపీట పక్కకు వాల్చి, "అవునండీ, రేపో మాపో వెళ్ళిపోతా" అంది.

పప్పు వాసన అతనికి తెలియకపోలేదు. "ఆ షెడ్డు తీసేసి, ఉన్నదున్నట్టు దరఖాస్తు పెట్టుకోండి సార్, వస్తుంది" అని చెప్పి వెళ్ళాడు. అక్క నా వైపు చూసింది. పెడతానని నేను అనలేదు.

మర్నాడు బస్సెక్కించాను. "కారు ఎండలో పెట్టమాకరా, రంగు పోద్ది" అంది కిటికీలోంచి.

తర్వాత ఒక పెళ్ళిలో పిన్ని అక్కను నిలదీసింది. "తమ్ముడి దగ్గర నాలుగు రోజులు సర్దుకోలేకపోయావటే?"

"రూల్సు ఒప్పుకోలేదంట పిన్నీ. పాపం వీడు చాలా తిరిగాడు" అంది అక్క. పక్కనే ఉన్న నేను తల ఊపాను.

ఈ మధ్య షెడ్డు తీయించి, రెండో ఇల్లని ఉన్నదున్నట్టు చూపి దరఖాస్తు పెట్టాను. ఎవరి చుట్టూ తిరక్కుండానే అనుమతి వచ్చింది. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిదేరా" అంది. "మంచోళ్ళని చూసి అద్దెకిచ్చుకో."